‘ఏం లేదు’ అనే మగవాణ్ని మాట్లాడించడం ఎలా?

మూడేళ్ల కిందట మా బామ్మర్ది ఒకే వారంలో నాలుగుసార్లు రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేశాడు.

“బావా, పడుకున్నావా?”

“లేదురా, చెప్పు.”

“ఏం లేదు. ఊరికే చేశా.”

తర్వాత క్రికెట్ గురించి రెండు ముక్కలు, మా పిల్లల స్కూలు గురించి ఒక ముక్క మాట్లాడి పెట్టేసేవాడు. నాకు ఏ అనుమానమూ రాలేదు. ఆ నెలలోనే పెళ్లికని ఒంగోలు వెళ్తూ చిలకలూరిపేట దాటాక టీకి ఆగాం. గ్లాసు చేతిలో తిప్పుతూ, “ఈ మధ్య నిద్ర పట్టట్లేదు బావా” అన్నాడు. నేను ఒక్క క్షణం కూడా ఆగకుండా, “రాత్రిళ్లు ఆ ఫోన్ పక్కన పడేయ్, అదే పడుతుంది” అన్నాను. వాడు నవ్వాడు. “అంతేలే” అని గ్లాసు అక్కడ పెట్టి కారెక్కాడు.

మళ్లీ నోరు విప్పడానికి వాడికి ఎనిమిది నెలలు పట్టింది.

అందుకే ‘మగవాళ్లు మనసులో మాట చెప్పరు’ అని ఎవరైనా అంటే నేను పూర్తిగా ఒప్పుకోను. చెప్తారు. నిద్ర అనో, గ్యాస్ అనో, ఆఫీసులో చికాకు అనో చిన్న ముక్క ఒకటి వదిలి చూస్తారు. దాన్ని మనం ఎలా అందుకున్నామో చూసుకుని రెండో ముక్క బయటపెడతారు, లేదంటే మింగేస్తారు. మీరు భార్య కావచ్చు, తల్లి కావచ్చు, అన్నో తమ్ముడో స్నేహితుడో ఎదిగొచ్చిన కొడుకో కావచ్చు. ఆ ముక్కని ఎలా అందుకోవాలో ఇక్కడ రాస్తున్నాను. ఇందులో సగం నేను తప్పు చేసి నేర్చుకున్నవే.

1. ముందు గమనించండి, కన్నీళ్ల కోసం మాత్రం చూడకండి

డిప్రెషన్ అనగానే దుప్పటి కప్పుకుని మూల కూర్చున్న మనిషి మన కళ్ల ముందు మెదులుతాడు. మగవాళ్లలో చాలాసార్లు అది కోపం రూపంలో బయటపడుతుంది. పిల్లాడు గ్లాసు జారవిడిస్తే ఇల్లు అదిరేలా అరుస్తారు. ఎనిమిదింటికి తెరిచే షాపు తొమ్మిదిన్నరకి తెరుస్తారు. ఆదివారం ఆటకి రావడం మానేస్తారు. వారానికోసారి తాగేవాళ్లు రోజూ మొదలుపెడతారు. బండి ఎప్పుడూ లేనంత స్పీడుగా తోలతారు. కొంతమంది ఇందుకు పూర్తిగా రివర్సు: పండగ పూట కూడా ఆఫీసుకి పోతారు, ఇంట్లో కూర్చోవాలంటే వాళ్లకి భయం.

ఇంకోటి ఒళ్లు. మనసు బాగాలేదని మనవాళ్లు డాక్టర్ దగ్గరికి పోరు, గ్యాస్ అని పోతారు. గుండె దడ, తలనొప్పి, నడుం నొప్పి, తిన్నది అరగకపోవడం. ఈసీజీ తీస్తే నార్మల్. నెల తిరక్కుండా ఇంకో డాక్టర్, ఇంకో ఈసీజీ. అదీ నార్మలే. ఒంటి పరీక్షలు ఎప్పుడూ ముందే చేయించాలి, గుండె నొప్పిని ‘అంతా టెన్షన్’ అని కొట్టిపారేయకూడదు. కానీ రిపోర్టు బాగుందని తెలిశాక కూడా మనిషి ముఖంలో తేలిక కనపడకపోతే అక్కడ ఆగి చూడండి.

ఏదో ఒక్క మార్పుని పట్టుకుని కంగారు పడక్కర్లేదు. రెండు మూడు కలిసి వచ్చి, రెండు వారాలు దాటినా తగ్గకపోతే మాట్లాడాల్సిన సమయం వచ్చినట్టే.

‘వాడు మగాడు, తట్టుకుంటాడులే’ అనేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వాళ్లకి ఈ అంకె చెప్పండి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్లు 1,70,924 మంది. అందులో 1,22,724 మంది మగవాళ్లు. పదిమందిలో ఏడుగురు.

2. ఎదురుగా కూర్చోబెట్టకండి

“ఇలా రా, కూర్చో, నీతో మాట్లాడాలి” అంటే మగవాడికి పంచాయితీలో నిలబెట్టినట్టే ఉంటుంది. పైగా పక్కన అమ్మ, నాన్న, అక్క, వదిన. నలుగురు కూర్చున్న చోట ఎవడూ నిజం చెప్పడు.

పక్కపక్కన ఉండే పని ఏదైనా చూసుకోండి. బండి మీద వెనక కూర్చున్నప్పుడు, పొలంలో మోటారు ఆన్ చేసి నీళ్లు పారేదాకా గట్టు మీద ఆగినప్పుడు, రైతుబజారు నుంచి సంచులు మోసుకొస్తున్నప్పుడు. కళ్లలో కళ్లు పెట్టి చూడక్కర్లేని చోట మాట తేలిగ్గా వస్తుంది. చేతికి పని ఉంటే ఇంకా తేలిక. మధ్యలో మాట ఆగిపోయినా ఇబ్బంది అనిపించదు, ఇద్దరూ పని చూసుకుంటారు. ఆస్ట్రేలియాలో ‘మెన్స్ షెడ్స్’ అని ఊరూరా కొట్టాలు ఉన్నాయి. రిటైరైన మగవాళ్లు అక్కడ చేరి చెక్కపని, రిపేర్లు చేసుకుంటూ కబుర్లు చెప్పుకుంటారు. ముఖాముఖి కాదు, భుజం భుజం కలిపి అనేదే వాళ్ల సూత్రం. మన ఊళ్లో రచ్చబండ ఒకప్పుడు కాస్త అలాంటిదే, ఇప్పుడు అక్కడ కూడా అందరూ ఫోన్లే చూసుకుంటున్నారు.

మందు సంగతి కూడా చెప్పాలి. ‘రెండు పెగ్గులు పడితే వాడే కక్కేస్తాడు’ అన్న మాట మా స్నేహితుల్లోనూ ఉంది. కక్కుతాడు, నిజమే. పొద్దున లేచాక ఏం వాగానో అని సిగ్గుపడి మీకు మొహం చాటేస్తాడు. పైగా మందు ఆ పూటకి బరువు దించినట్టే ఉన్నా నిద్రనీ మనసునీ ఇంకా పాడుచేస్తుంది. అసలు మాట టీ దగ్గర మాట్లాడండి.

3. మొదటి వాక్యం: మీరు చూసింది చెప్పండి, పేరు పెట్టకండి

“నీకు డిప్రెషనా?” అని అడిగితే జవాబు ఎప్పుడూ “నాకేంటి, బానే ఉన్నా” అనే వస్తుంది. మీ కంటపడిన ఒక చిన్న విషయం చెప్పి ఆగండి.

స్నేహితుడితో: “మూడు ఆదివారాలు అయింది రా నువ్వు గ్రౌండ్‌కి రాక. నువ్వు లేకపోతే ఏదోలా ఉంటోంది.”

భర్తతో: “రాత్రి రెండింటికి మీరు బాల్కనీలో కూర్చోవడం చూశానండీ. నిన్న కూడా.” ఇక్కడితో ఆపేయండి. “ఎవరితో ఫోన్లో?” అన్న ప్రశ్న ఆ వెనకే రాకూడదు.

నాన్నతో మాట్లాడటం అన్నిటికంటే కష్టం. రిటైరైన మనిషిని “నాన్నా, మనసెలా ఉంది?” అంటే పేపర్ అడ్డం పెట్టుకుంటారు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎలా ఉండేదో అడగండి. అక్కడినుంచి ఇప్పటికి ఆయనే నడిచి వస్తారు, కొంచెం టైమ్ పడుతుంది.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ల సంగతి వేరు. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇళ్లలో వీడియో కాల్ మొదలవగానే “పైసలు పంపినవా?” అన్నదే మొదటి మాట అవుతుంది. అతను “మంచిగనే ఉన్న” అంటాడు, ఇంకేమంటాడు? ఒక్క కాల్‌లో డబ్బు మాట ఎత్తకుండా చూడండి. ఏం వండుకున్నవ్, రూమ్‌లో ఎంతమంది ఉన్నరు, నిద్ర పడుతుందా అని అడగండి. కాల్‌లో పిల్లలు, అత్తమామలు అందరూ ఉంటే అతను నవ్వు ముఖమే పెడతాడు. మీరొక్కరే ఉన్నప్పుడు మామూలు వాయిస్ కాల్ చేయండి. ముఖం కనపడకపోవడమే అక్కడ మేలు.

అతను వాడిన మాటనే మీరూ వాడండి. జింబాబ్వేలో షోనా భాషవాళ్లు ఇలాంటి బాధని ‘అతిగా ఆలోచించడం’ అనే అర్థమొచ్చే మాటతో చెప్తారు. మన దగ్గరా అంతేగా: ఆలోచనలెక్కువయ్యాయి, బుర్ర పనిచేయట్లేదు, మనసు మనసులో లేదు. “బుర్ర వేడెక్కిపోయింది” అని అతనంటే, “ఎప్పట్నుంచి వేడెక్కింది?” అని అడగండి. జబ్బు పేరు పెట్టడం డాక్టర్ పని.

“ఏం లేదు” అంటే సరే అనండి. గుచ్చి గుచ్చి అడగొద్దు. “సరే, ఉన్నప్పుడు చెప్పు. రాత్రి ఎంతైనా ఫోన్ ఎత్తుతా” అని వదిలేసి, నాలుగైదు రోజులాగి మళ్లీ కలవండి.

4. నోరు మూసుకోండి

మొత్తం వ్యవహారంలో కష్టమైనది ఇదే.

ఎనిమిది నెలల తర్వాత, ఏప్రిల్ ఎండల్లో మా ఇంటి కూలర్ బాగుచేయడానికి బామ్మర్ది వచ్చాడు. వరండాలో ఇద్దరం కింద కూర్చున్నాం. వాడు తొట్టిలో చెయ్యి పెట్టి పంపుకి పట్టిన నాచు గీకుతున్నాడు. నేను వెనక జాలీ విప్పుతూ, తీసిన స్క్రూలు పోకుండా పెదాల మధ్య పెట్టుకున్నాను. వాడు తలెత్తకుండానే, “బావా, పొద్దున షాపు షట్టర్ ఎత్తాలంటే భయమేస్తోంది” అన్నాడు.

నాకు వెంటనే చెప్పడానికి నాలుగు సలహాలు తోచాయి. నోట్లో స్క్రూలున్నాయి. “ఊఁ” అన్నాను, అంతే.

వాడు ఇంకాసేపు నాచు గీకాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. సెల్ షాపులో సరుకు కదలట్లేదు. చీటీ ముందే పాడేసుకున్నాడు, కట్టాల్సినవి ఇంకా పద్నాలుగు వాయిదాలున్నాయి. ఫోన్ యాప్‌లో తీసుకున్న అప్పు మా చెల్లెలికి... అదే, వాడి భార్యని నేను చెల్లెలనే పిలుస్తాను, ఆమెకి తెలియదు. షట్టర్ మీద చెయ్యి వేస్తే గుండె గొంతులోకి వస్తోంది. రోడ్డవతల అరగంట నిలబడి, అప్పుడు తెరుస్తున్నాడు. ఇదంతా రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నేను స్క్రూలు తీసి కింద పెట్టింది చివర్లో, “అరగంట ఒక్కడివే నిలబడుతున్నావా?” అని అడగడానికి. వాడు ఏడ్చింది అప్పుడే.

నాది తెలివేమీ కాదు, ఆ స్క్రూలే లేకపోతే ‘వ్యాపారమన్నాక ఇవన్నీ మామూలే’ అని ఉండేవాణ్ని. అప్పట్నుంచి ఎవరైనా ఇలాంటి మాట మొదలుపెడితే నోట్లో స్క్రూలున్నట్టు అనుకుంటాను. మీరూ అనుకోండి.

నాలుక చివరికి వచ్చే మాటలు ఇవి, వచ్చినవి వచ్చినట్టే మింగేయండి: “మగాడివై ఉండి ఏంట్రా ఇది.” “నీకేం తక్కువ, బంగారం లాంటి పెళ్లాం, పిల్లలు.” “ఆ పక్కింటాయన్ని చూడు, ఎన్ని కష్టాలు పడ్డాడో.” “జిమ్‌కి పో.” పెళ్లికాని కుర్రాడైతే “పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి.” ఈ చివరి మాట వల్ల ఒక మనిషి బాధ ఇద్దరికి పంచినట్టవుతుంది తప్ప ఒరిగేదేమీ లేదు.

బదులుగా ఏమనాలి? పెద్దగా ఏమీ అనక్కర్లేదు. “ఊఁ.” “తర్వాత?” “ఎప్పట్నుంచి?” “ఇన్నాళ్లూ ఒక్కడివే మోశావా?” మౌనం వస్తే రానివ్వండి. ఏడిస్తే “ఏడవకు” అనకండి, భుజం మీద చెయ్యి వేసి కూర్చోండి. సలహా ఇవ్వాలని మరీ గింజుకుంటుంటే, “నేను వినాలా, ఏమైనా చేద్దామా?” అని అడిగి ఆగండి.

5. ఆ మాట మీ దగ్గరే ఆగాలి

మన ఇళ్లలో రహస్యం ‘నీకొక్కడికే చెప్తున్నా’ అంటూనే సాయంత్రానికి ఊరు చుట్టొస్తుంది. మంచి ఉద్దేశంతోనే చెప్తాం, పెద్దన్నయ్యతో ఒక మాట చెప్పిస్తే బాగుంటుందని. పెద్దన్నయ్య ఫోన్ చేసి “ఏంట్రా, ఏదో బాధపడుతున్నావట” అంటాడు. అంతటితో మీతో మాటలు బంద్. ఇంకెవరికైనా చెప్పాల్సి వస్తే ముందు అతన్నే అడగండి: “అక్కకి నేను చెప్పనా, నువ్వే చెప్తావా, నేను పక్కన ఉండనా?” మా వాడు మూడోది కోరుకున్నాడు. దీనికి మినహాయింపు ఒక్కటే, ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు.

6. చావు మాట సూటిగా అడగండి

“నేను లేకపోతేనే అందరూ సుఖంగా ఉంటారు”, “ఇంక ఓపిక లేదు” లాంటి మాటలు వింటే, ఉన్నట్టుండి బాధ్యతలు అప్పజెప్పడాలు, క్షమించమనడాలు, ఇష్టమైన వస్తువులు పంచేయడాలు చూస్తే ఆగకండి. “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” అని ఆ మాటతోనే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. మోస్తున్న మనిషికి ఆ మాట ఇంకొకరి నోట వినడమే కొంత ఊరట. “పిచ్చి పిచ్చి ఆలోచనలేం పెట్టుకోలేదు కదా?” అని మాత్రం అడక్కండి. ఆ ప్రశ్నకి జవాబు “లేదు” అనే చెప్పాలని మీరే చెప్పేస్తున్నారు.

అవునంటే, తిట్టకండి, ఒట్టు వేయించుకోకండి. ఒంటరిగా వదలకండి. ఇంట్లో, పొలం దగ్గర కొట్టంలో ఉన్న పురుగుల మందు డబ్బాలు, మాత్రల పట్టీలు అతనికి అందనంత దూరానికి చేర్చండి. ఆ ఘడియ గడిస్తే బతికేవాళ్లు చాలామంది. ప్రమాదకరమైన పురుగుమందుల్ని నిషేధించాక శ్రీలంకలో ఆత్మహత్యలు బాగా తగ్గాయి. అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. అత్యవసరమైతే 108 లేదా 112. ఏం చేయాలో తోచకపోతే 14416కి మీరే ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. బాధలో ఉన్న మనిషే చేయాలని లేదు.

పోలీసు కేసవుతుందని ఆస్పత్రికి తీసుకెళ్లడానికి జంకేవాళ్లున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చూడండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, వేరుగా రుజువైతే తప్ప శిక్షించకూడదని అది చెబుతోంది.

7. డాక్టర్ దగ్గరికి

“నాకేమన్నా పిచ్చా?” అన్నది మొదటి మాట. హైదరాబాద్ చుట్టుపక్కల ‘ఎర్రగడ్డ’, విశాఖలో ‘చినవాల్తేరు’ అంటే తిట్టు కింద వాడేస్తాం. అక్కడి ప్రభుత్వ ఆస్పత్రుల్లో కొన్ని తరాల మనుషులు బాగుపడి ఇంటికెళ్లారన్నది మాత్రం ఎవరికీ గుర్తురాదు. అక్కడికే పోవాలని కూడా లేదు. బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. అబద్ధం చెప్పి తీసుకెళ్లకండి, బోర్డు చూడగానే నమ్మకం పోతుంది. “నీకు నిద్ర పట్టక మూడు నెలలైంది. నిద్ర సమస్యని సైకియాట్రిస్టు కూడా చూస్తారు. నేనూ వస్తా, బయట కూర్చుంటా” అనండి. బండి తీసేది, ఓపీ చీటీ రాయించేది మీరైతే సగం పని అయినట్టే.

మందులు రాసేది సైకియాట్రిస్ట్, మాటలతో చికిత్స చేసేది సైకాలజిస్ట్. కొందరికి ఒకరు చాలు, కొందరికి ఇద్దరూ కావాలి. డిప్రెషన్ మందులు తలనొప్పి మాత్రలా గంటలో పనిచేయవు, తేడా తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి రోజుల్లో కడుపులో వికారంగా ఉండొచ్చు. చాలామంది సరిగ్గా అక్కడే మానేస్తారు. ఇంకొంతమంది బాగున్నామనిపించగానే ఆపేస్తారు. రెండూ తప్పే, ఆపేది డాక్టర్‌ని అడిగాకే. మేం మొదట వెళ్లిన క్లినిక్‌లో డాక్టర్ తలెత్తి చూడకుండా మూడు నిమిషాల్లో చీటీ రాసిచ్చాడు. మా వాడు మెట్లు దిగుతూనే “చూశావా, నేను చెప్పలా” అన్నాడు. రెండో చోట, ఒక ప్రభుత్వాసుపత్రిలో, డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని “షట్టర్ గురించి చెప్పండి” అంది. మొదటి డాక్టర్ కుదరకపోతే చికిత్సే కుదరదని కాదు, చెప్పులు కుదరకపోతే షాపు మారుస్తాం కదా.

అప్పుల్లాంటి అసలు సమస్య ఉంటే మాత్రలు వాటిని తీర్చవు. అది వేరే పని, దాన్నీ చేయాలి. ఒక తెల్లకాగితం మీద ఎవరికి ఎంత, ఎప్పటికి అన్నది ఇద్దరూ కూర్చుని రాయండి. తలలో ఉన్నప్పుడు ఉన్నంత పెద్దదిగా ఉండదు కాగితం మీద. మొత్తం మీ నెత్తిన వేసుకోకండి, ఒక్క ఫోన్ కాల్, ఒక్క సెటిల్‌మెంట్ మాట మీరు మాట్లాడి పెట్టండి చాలు.

8. వచ్చే వారం

ఒకసారి మాట్లాడి బరువు దించేశాం అనుకోవద్దు. మాట్లాడిన మర్నాడు మగవాడికి సిగ్గేస్తుంది. ఆ రోజు ఏదో ఒక మామూలు మెసేజ్ పెట్టండి, మ్యాచ్ స్కోరో, కూరగాయల రేటో. ఆ మాటలు విన్నాక కూడా మీరు మారలేదని అతనికి తెలియాలి. వారం తర్వాత ఒక్క ప్రశ్న: “షట్టర్ ఎలా ఉంది?” ప్రతిరోజూ “ఎలా ఉన్నావ్, బాగున్నావా” అని పేషంట్‌ని చూసినట్టు చూడకండి. మీకూ బరువనిపిస్తే, అతని వివరాలు బయటపెట్టకుండా మీరూ ఎవరితోనైనా మాట్లాడండి.

ఇది చదువుతున్నది ఆ ‘ఏం లేదు’ మనిషే అయితే, పెద్ద కథ చెప్పక్కర్లేదు. నమ్మకమున్న ఒక్కరికి ఈ వాక్యం పంపండి: “ఈ మధ్య బాలేదు. సలహా వద్దు, వింటావా?” ఎదుటివాడు మొదటిసారి నాలాగే ఫోన్ పక్కన పడేయమంటే, దయచేసి ఇంకొకరికి పంపండి. ఎనిమిది నెలలు ఆగకండి.

మొన్న రాత్రి పదకొండున్నరకి మళ్లీ ఫోన్. “బావా, పడుకున్నావా?” లేచి కూర్చుని లైటేశాను. “చెప్పరా.” “ఏం లేదు.” నేను ఏమీ అనకుండా ఆగాను. అటునుంచి కూడా కాసేపు ఏమీ లేదు. తర్వాత నవ్వాడు. “నిజంగానే ఏం లేదు బావా. కూలర్ పంపు పోయింది. ఆ రోజు మీ ఇంటికి కొన్నది ఏ కంపెనీదో గుర్తుందా?”